పోచంపల్లి నుంచి బయల్దేరే సంచి



పోచంపల్లి నుంచి హైదరాబాదుకు యాభై కిలోమీటర్లకు మించి ఉండదు. పొద్దున్నే ఊళ్లో బస్సెక్కిన మనిషి, దుకాణాలు తెరిచే వేళకు కోఠిలోనో సికింద్రాబాద్ జనరల్ బజార్‌లోనో దిగుతాడు. చేతిలో ఒక మూట, భుజాన ఒక సంచి. మూటలో చీరలుంటాయని చూసినవాళ్లందరికీ తెలుసు. సంచిలో ఏముంటుందో ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లకే తెలుసు. ఆ సాయంత్రం అతడు ఆర్డర్లు రాసుకుని వస్తాడా, తీసుకెళ్లిన మూట తీసుకెళ్లినట్టే మోసుకొస్తాడా అన్నది చాలావరకు ముందురోజు రాత్రి ఆ సంచి సర్దుకున్న తీరులోనే తేలిపోతుంది. పని మీద ఊరెళ్లే ఎవరికైనా పనికొచ్చే సంగతి కాబట్టి ఇవాళ ఆ సంచి గురించి చెప్పుకుందాం.

పోచంపల్లి పేరు వినగానే రెండు విషయాలు గుర్తొస్తాయి. 1951 ఏప్రిల్ 18న ఆచార్య వినోబా భావే కాలినడకన ఈ ఊరికి వచ్చారు. భూమి లేని దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ మొదలైంది, ఊరి పేరు భూదాన్ పోచంపల్లి అయింది. రెండోది చీర. ఇదివరకు నల్లగొండ జిల్లాలో, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్న ఈ ఊరిని 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ప్రపంచంలోని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచుకుంది. సెలవు రోజుల్లో నగరం నుంచి కార్లు వస్తాయి, మగ్గాలు చూస్తారు, చీరలు కొంటారు. అయినా పోచంపల్లిలోనూ, చుట్టుపక్కల పుట్టపాక, కొయ్యలగూడెం, సిరిపురం లాంటి ఊళ్లలోనూ మగ్గం దిగే చీరలన్నీ గడప దగ్గరే అమ్ముడుపోవు. ఎవరో ఒకరు వాటిని ఊరు దాటించాలి.

ఆ ఎవరో ఒకరు సహకార సంఘం మనిషి కావచ్చు. పది, ఇరవై మగ్గాలకు నూలిచ్చి నేయించే మాస్టర్ వీవర్ కావచ్చు. సొంత మగ్గం మీద భార్యాభర్తలు నేసుకున్న నాలుగు చీరలు తీసుకుని బయల్దేరిన నేతన్న కావచ్చు. ఈమధ్య స్వయం సహాయక సంఘాల తరఫున సరస్ మేళాలకు వెళ్లే ఆడవాళ్లూ ఉన్నారు. అందరి మూటా ఒకటి కాదు, కానీ చిక్కు ఒకటే. మోయగలిగింది తక్కువ, చూపించాల్సింది ఎక్కువ.

ఈ చిక్కు ఎంత పెద్దదో తెలియాలంటే ఒక్క చీర వెనక ఉన్న పని తెలియాలి. మామూలు చీరలో నేత నేసేటప్పుడు బొమ్మ పుడుతుంది. ఇక్కడ నేతకు ముందే నూలు మీద బొమ్మ పుడుతుంది. ఇక్కత్ అనే ఈ పద్ధతిని స్థానికంగా చిటికి అంటారు. గీతలు గీసుకున్న నూలును, రంగు తగలకూడని చోటల్లా రబ్బరు పట్టీలతో బిగించి కడతారు. సైకిల్ ట్యూబును సన్నగా కోసిన పట్టీలే ఇందుకు వాడతారు. కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, కొన్ని కట్లు విప్పి, మరికొన్ని కట్టి మళ్లీ ముంచుతారు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు. పడుగు ఒక్కదానికే కట్టొచ్చు, పేక ఒక్కదానికే కట్టొచ్చు. రెండింటికీ కడితే డబుల్ ఇక్కత్. అందులో పడుగు మీది చుక్క, పేక మీది చుక్క మగ్గం మీద సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి.

కట్టడానికి ముందు ఇంకో పని ఉంది, ఆసు పోయడం. అర్ధచంద్రాకారంలో మేకులున్న చట్రం మీద నూలును అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ వెళ్లొస్తుంది. తరతరాలుగా ఆడవాళ్లే చేసిన పని ఇది, భుజాలు పట్టేసేవి. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే బాధ చూడలేక ఏళ్ల తరబడి కుస్తీపట్టి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది. ఆ యంత్రం భుజాల నొప్పి తగ్గించింది కానీ చిటికి కట్టే చేతులు ఇంకా చేతులే, మగ్గం తొక్కే కాళ్లు ఇంకా కాళ్లే.

ఇంత పని పడిన పట్టుచీర పదిహేను రోజులు ఎవరి మూటలోనో మడత విప్పకుండా ఊరేగి వచ్చిందంటే, ఒక ఇంటి కూలి అన్ని రోజులూ ఆగిపోయినట్టే. అందుకే ఎక్కువ తీసుకెళ్తే ఎక్కువ అమ్ముడవుతుందన్న ఆలోచన ఈ వ్యాపారంలో నష్టం తెస్తుంది. అనుభవమున్నవాళ్లు దీనికి చక్కని దారి పట్టారు. ఒక వార్పు, అంటే ఒక పడుగు, వేస్తే ఏడెనిమిది చీరలు వస్తాయి. డిజైను ఒకటే, రంగుల్లో కొద్ది తేడాలుంటాయి. ఆ ఏడెనిమిదీ మోసుకుపోవడం దండగ. వార్పుకొకటి చొప్పున తీసుకుని, మిగిలినవాటిని ఇంట్లో ఉంచి, వాటి ఫొటోలు ఫోనులో పెట్టుకుంటారు. పట్టుచీర అరకిలో అటూ ఇటూ తూగుతుంది. ఇరవై వార్పుల నుంచి ఇరవై చీరలంటే పది, పన్నెండు కిలోలు. చూపించేది మాత్రం నూట యాభై చీరల సరుకు. దుకాణదారు ఒకటి నచ్చిందంటే ఇంటికి ఫోను చేసి మిగతావి మర్నాడే పార్సిల్ వేయించొచ్చు. రాష్ట్రంలో ఎక్కడికైనా ఆర్టీసీ 2020 నుంచి నడుపుతున్న పార్సిల్ సర్వీసు ఉండనే ఉంది.

ఇక సర్దే పద్ధతి. ఇందులో చాలామంది తొందరపడతారు.

నేల మీద ఉతికిన తెల్లని నూలు గుడ్డ పరుస్తారు. ధోవతి పన్నా ఉంటే సరిపోతుంది. చీరను కొంగు పైకి వచ్చేలా మడుస్తారు, అంచు పక్కకు కనపడాలి. మడత ఎప్పుడూ ఒకే గీత మీద పడకూడదు. జరీ ఉన్న చీర ఒకే చోట మడతపడి నెలల పాటు ఉంటే ఆ గీత దగ్గరే తెగుతుంది. ముదురు ఎరుపు, నలుపు చీరలకూ తెలుపు, లేతపసుపు చీరలకూ మధ్య తెల్ల కాగితం వేస్తారు. దారిలో వాన చినుకు పడ్డా, ఎవరి నీళ్ల సీసానో ఒలికినా ముదురు రంగు పక్క చీరకు అంటుకోకుండా ఉంటుంది. వార్తాపత్రిక మాత్రం పెట్టకూడదు, సిరా పట్టుకు అంటుతుంది. కలరా ఉండలు జరీకి తగలనివ్వరు, తగిలితే జరీ నల్లబడుతుంది. వాటి బదులు గుడ్డలో కట్టిన లవంగాలో ఎండిన వేపాకో పెడతారు. ప్లాస్టిక్ కవరు వానకు పనికొస్తుంది, కానీ దుకాణం చేరగానే తీసేయాలి. లోపల చెమ్మ పట్టిందంటే మరక మిగులుతుంది.

చీరలు ఏ వరసలో పెట్టాలన్నది అంతకంటే ముఖ్యం. అందరూ అన్నిటికంటే మంచి చీరను భద్రంగా అడుగున దాస్తారు. అనుభవమున్న అమ్మకందారు మొదట చూపించాల్సింది పైన పెడతాడు. మొదటి రెండు చీరలు దుకాణదారుకు తెలిసిన రకాలు, ధర మధ్యరకం. మూడోది కొత్త డిజైను. నాలుగోది ఖరీదైన డబుల్ ఇక్కత్. ఆ తర్వాత నూలు చీరలు, దుపట్టాలు. దుకాణంలో గద్దె మీద కూర్చున్న పెద్దాయన దగ్గర అమ్మకందారుకు దొరికేది పది నిమిషాలు. మధ్యలో ఎవరైనా కొనుగోలుదారు వస్తే అదీ ఉండదు. వెతుకులాటలో ఆ పది నిమిషాలు పోయాయంటే ఆ పూట అంతే.

మూట ఇంకా ఎందుకు పోలేదో ఇక్కడే తెలుస్తుంది. చక్రాల సూట్‌కేసు వచ్చి ఎన్నేళ్లో అయింది, చాలామంది దాన్నే వాడుతున్నారు కూడా. ఖాళీ సూట్‌కేసే మూడు నాలుగు కిలోలు తూగుతుంది, గుడ్డ బరువు లెక్కలోకి రాదు. మూట ముడి విప్పితే ఆ గుడ్డే గద్దె మీద పరుపవుతుంది, చీర శుభ్రమైన తెలుపు మీద పడుతుంది. రంగు నిజంగా ఎలా ఉందో తెలుస్తుంది. ఇరుకు బస్సులో సీటు కిందికి మూట ఒదిగినట్టు సూట్‌కేసు ఒదగదు. రైలుకు, విమానానికి సూట్‌కేసే మేలు. నగరంలో దుకాణాలు తిరగడానికి మూటే మేలు.

ఇప్పుడు సంచి సంగతి. మూట ఎంత ముఖ్యమో సంచి అంతకంటే ముఖ్యం అనడానికి కారణముంది. పోచంపల్లి డిజైను అచ్చువేసిన బట్ట బజార్లో చవగ్గా దొరుకుతోంది. దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. దుకాణదారు అడిగే మొదటి మాట ధర గురించి కాదు.

"ఏందన్నా, గిది ప్రింటు కాదు గదా?"

ఆ మాటకు మాటతో జవాబిస్తే లాభం లేదు. చేతిలో పెట్టి చూపించాలి. అందుకని సంచి పై అరలో ఒక చిన్న కట్ట ఉంటుంది. సగం కట్లు విప్పి, సగం రబ్బరు పట్టీలు అలాగే ఉంచిన రంగేసిన నూలు అది. ఒక పట్టీ విప్పగానే లోపల తెల్లని నూలు, పక్కన ఎర్రని నూలు, మధ్యలో రంగు కాస్త పాకిన చోటు కనపడతాయి. ఇక్కత్ బొమ్మకు అంచులు మెత్తగా మసకబారినట్టు ఉండడానికి కారణం ఆ పాకడమే. తర్వాత చీర చెంగు చివర కుచ్చు పక్క నుంచి ఒక పేక దారం లాగి చూపిస్తారు. చిటికి కట్టిన దారంలోనే రంగు ముక్కలు ముక్కలుగా ఉంటుంది, లోపలిదాకా ఉంటుంది. అచ్చువేసిన బట్టలో దారం లాగితే రంగు పైపైనే కనపడుతుంది, వెనకవైపు చాలాసార్లు వెలిసినట్టు ఉంటుంది. పట్టు కాదేమోనన్న అనుమానం వస్తే నాలుగు దారప్పోగులు కాల్చి చూపిస్తారు. పట్టు కాలితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి గుండు కడుతుంది. ఐదు నిమిషాల ఈ ప్రదర్శన గంటసేపు చెప్పే మాటల కంటే ఎక్కువ పని చేస్తుంది.

దీని పక్కనే ముద్రలు. పోచంపల్లి ఇక్కత్‌కు 2004-05లో భౌగోళిక గుర్తింపు దక్కింది. దేశంలో ఆ గుర్తింపు తొలుత అందుకున్న కొద్ది పేర్లలో ఇదొకటి. 2004లో సిల్క్ మార్క్, 2006లో హ్యాండ్‌లూమ్ మార్క్ వచ్చాయి. ఒకటి పట్టు అసలైనదని చెబుతుంది, ఇంకొకటి చేతిమగ్గం మీద నేసిందని చెబుతుంది. రెండూ వేరు. పవర్‌లూమ్ మీద నేసిన చీర అసలు పట్టుదే అయినా చేనేత కాదు. నూలు చీర చేనేతే అయినా సిల్క్ మార్క్ ఉండదు. ఈ తేడా అమ్మేవాడికి తెలియకపోతే కొనేవాడికి అసలే తెలియదు. ట్యాగులు ముందే చీరకు కుట్టి ఉండాలి. దుకాణంలో కూర్చుని సంచిలోంచి ట్యాగు తీసి తగిలిస్తే నమ్మకం పోతుంది.

రంగుల అట్ట గురించి గట్టిగా చెప్పాలి. ఫోనులో ఫొటో చూసి ఆర్డరు తీసుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. కానీ ఫోను తెరమీద మెరూన్ ఒక్కో ఫోనులో ఒక్కోలా కనిపిస్తుంది. దుకాణం ట్యూబులైటు కింద మరోలా ఉంటుంది. ఆ రంగే కావాలని పది చీరల ఆర్డరిచ్చిన దుకాణదారు, సరుకు వచ్చాక రంగు వేరని వెనక్కి పంపితే పది చీరల పని మునిగినట్టే. దీనికి మందు చాలా చవకైనది. అద్దకం చేసిన ప్రతి రంగు నూలులోంచి జానెడు కుచ్చు తీసి, గట్టి అట్టకు అంటించి, కింద నంబరు రాయాలి. అదే నంబరు ఊళ్లో రంగులు వేసే ఇంట్లో ఉన్న చీటీ మీదా ఉండాలి. దుకాణదారు అట్ట మీద వేలు పెట్టి చూపిస్తాడు, అమ్మకందారు నంబరు రాసుకుంటాడు. ఫోను డిజైనుకు, అట్ట రంగుకు. రెండూ కలిస్తే సరుకు వెనక్కి రాదు.

ఆర్డరు పుస్తకం కార్బన్ కాగితం ఉన్నదైతే మంచిది. డిజైను నంబరు, ఒంటి రంగు, అంచు, కొంగు, రవిక ముక్క ఉందా లేదా, ఎన్ని, ధర, అడ్వాన్సు, ఇవ్వాల్సిన తేదీ. కింద ఇద్దరి సంతకాలు, ఒక ప్రతి దుకాణదారుకు. వాట్సాప్‌లో పెడితే చాలదా అనిపిస్తుంది. వాట్సాప్‌లో ఒకే దుకాణం నుంచి పది ఫొటోలు, ఇరవై మాటలు పోగవుతాయి. ఏది ఖాయమైందో, ఏది ఊరికే అడిగిందో నెల తర్వాత ఎవరికీ గుర్తుండదు. పుస్తకంలో రాసింది ఖాయం. అందుకే ఫోను ఎంత ఖరీదైనదైనా ఈ పుస్తకం సంచిలో ఉండాల్సిందే.

ఇంకొక వస్తువుంది. బయటివాళ్లు చూస్తే ఎందుకో అర్థం కాదు. తిథులు, ముహూర్తాలు ఉన్న తెలుగు క్యాలెండరు. చీరల అమ్మకం ముహూర్తాలను బట్టి నడుస్తుంది. ఆషాఢంలో దుకాణాలు తగ్గింపు ధరలు పెట్టి పాత సరుకు ఖాళీ చేసుకుంటాయి. శ్రావణం వచ్చిందంటే వరలక్ష్మీ వ్రతాలు, పెళ్లిళ్లు, కొత్త చీరలు. ఆ చీరలు ఆషాఢం చివరికల్లా దుకాణంలో ఉండాలంటే, నూలు కట్టడం వైశాఖంలోనే మొదలుపెట్టాలి. వార్పు పూర్తవడానికి నెల పైన పడుతుంది. వానలు గట్టిగా పడితే గుంటమగ్గాల్లో నీరూరి పని ఆగుతుంది, రంగేసిన నూలు ఆరదు. మూఢం ఎప్పుడొస్తుంది, బతుకమ్మ ఎప్పుడు, మాఘంలో ముహూర్తాలు ఎన్ని, ఇవన్నీ చూడకుండా "నెలలో ఇస్తా సేటూ" అని నోటితో అనేస్తే మాట పోతుంది. క్యాలెండరు ముందు పెట్టుకుని వెనక్కి లెక్కేసి తేదీ రాసే అమ్మకందారుకు దుకాణదారు రెండోసారి ఫోను చేసి మరీ ఆర్డరిస్తాడు.

కాగితాలు విసుగు పుట్టించేవే, కానీ దారిలో లారీ ఆగేది వాటి కోసమే. ఎగ్జిబిషన్‌కు పంపే సరుకు అప్పటికింకా అమ్మకం కాలేదు కాబట్టి దానికి ఇన్వాయిస్ ఉండదు, డెలివరీ చలాన్ ఉండాలి. సరుకు విలువ 50,000 రూపాయలు దాటి రాష్ట్రం దాటితే ఈ-వే బిల్లు తప్పదు. రాష్ట్రాల మధ్య ఈ పద్ధతి 2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ మినహాయింపు వాడుకునే చేతివృత్తులవారు రాష్ట్రం దాటేటప్పుడు విలువ ఎంత తక్కువైనా ఈ-వే బిల్లు తీయాలన్న సంగతి చాలామందికి తెలియదు. బయల్దేరే ముందు ఆడిటరును ఒక్కమాట అడిగి, చలాన్, బిల్లు, నేత కార్మికుల గుర్తింపు కార్డు, ఆధార్, ఎగ్జిబిషన్ స్టాలు కేటాయింపు ఉత్తరం, అన్నీ రెండేసి ప్రతులు తీసుకోవాలి. ఒకటి సరుకుతో, ఒకటి సంచిలో.

రైలు ప్రయాణంలో ఇంకో తిరకాసు. స్లీపర్ క్లాసులో ఒక్కొక్కరికి 40 కిలోలు, థర్డ్ ఏసీలోనూ 40, సెకండ్ ఏసీలో 50 కిలోలు ఉచితం. అది సొంత సామానుకే. అమ్మకపు సరుకును పెట్టెలో బెర్తు కింద పెట్టుకుని పోవడానికి రూలు ఒప్పుకోదు, పార్సిల్ ఆఫీసులో బుక్ చేసి పంపాలి. పోచంపల్లి నుంచి ఢిల్లీలోని చేతివృత్తుల బజారు ఢిల్లీ హాట్‌కు వెళ్లేవాళ్లు మూట పార్సిల్‌కు ఇచ్చి, పని సంచి మాత్రం వెంట ఉంచుకోవడం అందుకే. పార్సిల్ ఒక రోజు ఆలస్యమైనా నూలు కట్ట, రంగుల అట్ట, నాలుగు చీరలు, ఆర్డరు పుస్తకం చేతిలో ఉంటే స్టాలు మొదటిరోజే తెరవొచ్చు.

విమానమైతే దేశంలో చాలా సంస్థలు 15 కిలోలు లగేజీకి, 7 కిలోలు చేతిసంచికి ఇస్తున్నాయి. పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి, లగేజీలో వేస్తే తీసేస్తారు. కత్తెర, టేపు, సూదుల పెట్టె లగేజీలో వేయాలి. కాల్చి చూపించడానికి అగ్గిపెట్టె ఎందులోనూ పెట్టకూడదు, దిగిన ఊళ్లో కొనుక్కోవాలి.

ఢిల్లీ హాట్ 1994లో తెరిచారు. దేశం నలుమూలల చేతివృత్తులవారికి అక్కడ వంతులవారీగా పదిహేను రోజుల చొప్పున స్టాళ్లు ఇచ్చే పద్ధతి పెట్టారు. సూరజ్‌కుండ్ మేళా 1987లో మొదలైంది, మామూలుగా ఫిబ్రవరిలో జరుగుతుంది. ఇలాంటి చోట్ల పగలంతా నిలబడాలి. ఎండ, దుమ్ము, బేరం. యూపీఐ క్యూఆర్ కోడును గట్టి అట్ట మీద అంటించి లామినేట్ చేయించుకోవాలి. నెట్‌వర్క్ అందకపోతే వాడుకోవడానికి రెండో కంపెనీ సిమ్ ఉంచుకోవాలి. పది, ఇరవై రూపాయల చిల్లర ఒక డబ్బాలో. దండెం కట్టడానికి తాడు, బట్టకు మరక పడని క్లిప్పులు, తెల్ల బల్బు. పసుపు వెలుగులో పోచంపల్లి నీలాలు చచ్చిపోయినట్టుంటాయి. స్టాలు ఇచ్చినవాళ్లు పెట్టే బల్బు మీద ఆధారపడకూడదు.

సొంత సంచి గురించి ఒక్కమాట. ఇంటి నుంచి బయల్దేరేవాళ్లకు అమ్మలు, అత్తలు సకినాలు, సర్వపిండి, టమాట తొక్కు, ఆవకాయ కట్టిస్తారు. పదిహేను రోజులు పరాయి ఊళ్లో ఉండేవాళ్లకు అవి కావాల్సిందే. కానీ నూనె సీసా ఏనాడూ చీరల మూటలో పెట్టకూడదు. తొక్కు కారితే పట్టుచీర మీద పడే నూనె మరకను ఏ డ్రైక్లీనరూ పూర్తిగా తీయలేడు. తిండికి, మందులకు, బట్టలకు వేరే సంచి. ఇద్దరు కలిసి వెళ్తే ఒకరు స్టాలులో కూర్చుంటే ఇంకొకరు తిని రావచ్చు. ఒక్కరే వెళ్తే పక్క స్టాలువాళ్లతో మొదటిరోజే స్నేహం చేసుకోవడం కూడా సర్దుకోవడంలో భాగమే.

విదేశాలకు వెళ్లేవాళ్లు తక్కువే, కానీ వెళ్తున్నారు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో జనవరిలో జరిగే హైమ్‌టెక్స్‌టిల్ లాంటి ప్రదర్శనలకు నమూనాలు తీసుకెళ్లి, అమ్మకుండా తిరిగి తెచ్చేదైతే ఏటీఏ కార్నే అనే పత్రం పనికొస్తుంది. మన దేశంలో దాన్ని ఫిక్కీ ఇస్తుంది. అది ఉంటే అక్కడి కస్టమ్స్‌లో సుంకం కట్టక్కర్లేదు. అక్కడ అమ్మాలనుకుంటే అది సరిపోదు, లెక్క వేరు. ఈ ప్రయాణం పోచంపల్లికి కొత్త కావచ్చు కానీ తెలుగు నేతకు కొత్త కాదు. చీరాల తేలియా రుమాళ్లు ఎప్పుడో గల్ఫ్ తీరాలకు వెళ్లాయి. నూనెలో నానబెట్టిన నూలు వాసనతోనే అక్కడివాళ్లు అసలు సరుకును గుర్తుపట్టేవారు. ఆ తేలియా పనితనాన్ని పుట్టపాకలో బతికించిన గజం గోవర్ధనకు 2011లో పద్మశ్రీ దక్కింది.

ల్యాప్‌టాప్ పెట్టుకుని బెంగళూరుకో పుణేకో మీటింగుకు వెళ్లే ఉద్యోగి సంచికీ ఇదే లెక్క వర్తిస్తుంది. అవతలివాళ్లకు మొదట చూపించాల్సింది పై అరలో ఉందా, అనుమానం వస్తే చేతిలో పెట్టగల సాక్ష్యం ఉందా, ఒప్పుకున్న తేదీ రాతలో ఉందా అన్నవే అక్కడా ప్రశ్నలు. చార్జర్లు, అదనపు చొక్కాలు మర్చిపోతే ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. సొంత పని నమూనా మర్చిపోతే ఎక్కడా దొరకదు.

తిరిగొచ్చాక సంచి అలాగే పక్కన పడేయడం పెద్ద నష్టం. ఆ రాత్రే పుస్తకం తెరిచి, ఎవరు ఏ రంగు అడిగితే లేదన్నారో, ఏ చీర అందరూ పట్టుకుని చూసి కొనకుండా పెట్టేశారో, ధర ఎక్కడ ఆగిందో రాసుకోవాలి. అమ్ముడుపోని చీరను మగ్గం దగ్గరికి తీసుకెళ్లి నేసినవాళ్లకు చూపించాలి. వాళ్లు నగరంలోని గద్దె మీద కూర్చోలేరు, కొనేవాళ్ల మాట వాళ్లకు చేర్చగలిగేది ఈ మనిషి ఒక్కడే. వచ్చే వార్పుకు కట్టే చిటికిలో ఆ మాట కనపడాలి.

శ్రోతల్లో చీర కొనేవాళ్లే ఎక్కువ ఉంటారు కాబట్టి వాళ్లకో విన్నపం. పోచంపల్లి అమ్మకందారు మీ ముందు మూట విప్పినప్పుడు, కట్టిన నూలు చూపించమని అడగండి, ఒక దారం లాగి చూపించమనండి, హ్యాండ్‌లూమ్ మార్క్ చూడండి. పెళ్లికి కావాలంటే ముహూర్తానికి కనీసం మూడు నెలల ముందు చెప్పండి. రంగుల అట్ట మీద నంబరు చూసి, ఆర్డరు పుస్తకంలో తేదీ రాయించుకుని, మీ ప్రతి మీరు తీసుకోండి.